ఒక్క డాలరు సంతకం

నవంబర్ 14 అనగానే మనందరికీ గుర్తొచ్చేది బాలల దినోత్సవం. అదే రోజు ప్రపంచ మధుమేహ దినం కూడా అని పోయిన సెమ్ సెలవుల దాకా నాకు తెలీదు. అది ఫ్రెడరిక్ బాంటింగ్ అనే కెనడా డాక్టర్ పుట్టినరోజు. ఆయన గురించి వెతుక్కుని చదవడానికి కారణం మాత్రం మా నాయనమ్మ.

నాయనమ్మకి షుగర్. రెండు పూటలా కలిపి రోజుకి 30 యూనిట్ల ఇన్సులిన్ తీసుకోవాలి. సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఫ్రిజ్‌లో ఉన్న సీసా మీద రాసింది చదివాను. మిల్లీలీటరుకి 40 యూనిట్లు, మొత్తం 10 మిల్లీలీటర్లు. అంటే 400 యూనిట్లు. 30తో భాగిస్తే 13 రోజులకే అయిపోవాలి. మరి నెలకి ఒక్క సీసా ఎలా సరిపోతోంది? అడిగితే ముందు మాట దాటేసింది. రెండోసారి అడిగాక, సగం కూడా ఎక్కించుకోవట్లేదనీ, మళ్ళీ పింఛను వచ్చేదాకా సీసా రావాలి కదా అనీ చెప్పింది. కాళ్ళ తిమ్మిర్లు వయసు వల్ల అనుకుందట.

ఆ రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో చదివిన కథ ఇది.

బాంటింగ్ 1891లో ఒంటారియోలోని అలిస్టన్ దగ్గర ఒక రైతు ఇంట్లో పుట్టాడు. కాలేజీలో మొదటి ఏడాది ఫెయిల్ అయ్యాడు (మనలో కొందరికి ఊరట!). తర్వాత మెడిసిన్‌కి మారాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక డాక్టర్‌గా వెళ్ళి 1918లో చేతికి గాయమయ్యాక తిరిగొచ్చాడు. 1920లో కెనడాలోనే లండన్ అనే ఊళ్ళో ప్రాక్టీసు పెట్టాడు. పేషెంట్లు రాలేదు. ఖర్చులకి దగ్గర్లోని యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాడు.

ఆ ఏడాది అక్టోబర్ చివర్లో, క్లోమం మీద పాఠం కోసం చదువుతుంటే ఆయనకో ఆలోచన వచ్చింది. అర్ధరాత్రి దాటాక లేచి కాగితం మీద రాసుకున్నాడు. దాన్ని పట్టుకుని టొరంటోలో ప్రొఫెసర్ మాక్లాయిడ్ దగ్గరికి వెళ్ళాడు. ఆయనకి పెద్దగా నమ్మకం కుదరకపోయినా ల్యాబూ, కుక్కలూ, చార్లెస్ బెస్ట్ అనే కుర్ర సహాయకుణ్ణీ ఇచ్చాడు. 1921 వేసవంతా ఆ ఇద్దరూ అక్కడే. తర్వాత కాలిప్ అనే బయోకెమిస్ట్ వచ్చి మందుని శుద్ధి చేసే దారి కనిపెట్టాడు.

అప్పట్లో ఈ రకం షుగర్ వచ్చిన పిల్లలకి వైద్యం అంటే ఆకలి. తిండి బాగా తగ్గించి కొన్ని నెలలు బతికించేవారు, అంతే. 1922 జనవరి 11న టొరంటోలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్‌కి మొదటి ఇంజెక్షన్ ఇచ్చారు. అది సరిగ్గా పనిచేయలేదు. 23న కాలిప్ శుద్ధి చేసిన మందు ఇచ్చారు. షుగర్ దిగింది. పిల్లాడు కోలుకున్నాడు.

బాంటింగ్ సాధువేమీ కాదు. కోపిష్టి. 1923లో నోబెల్ తనకీ మాక్లాయిడ్‌కీ వచ్చిందని, బెస్ట్‌కి రాలేదని మండిపడి, తన వాటా డబ్బులో సగం బెస్ట్‌కి ఇచ్చేశాడు. మాక్లాయిడ్ కూడా కాలిప్‌తో పంచుకున్నాడు.

నన్ను ఆపేసింది పేటెంట్ సంగతి. ఒక డాక్టర్ మందు మీద హక్కు పెట్టుకోవడం తప్పని బాంటింగ్ మొదట తన పేరే వద్దన్నాడు. చివరికి ఆయనా, బెస్టూ, కాలిప్పూ ఆ హక్కుని తలా ఒక్క డాలరుకి టొరంటో యూనివర్సిటీకి రాసిచ్చేశారు. వేరే ఎవరో ముందు పేటెంట్ తీసుకుని అందర్నీ ఆపేయకూడదని వాళ్ళ ఉద్దేశం. 1941లో న్యూఫౌండ్‌లాండ్‌లో విమానం కూలి బాంటింగ్ చనిపోయాడు. వయసు 49.

పొద్దున్నే నాయనమ్మకి ఇదంతా చెప్పాను. అంత చవగ్గా ఇచ్చేస్తే మరి మనకెందుకింత అవుతోందని అడిగింది. మంచి ప్రశ్నే. పేటెంట్ ఒక్కటే ధర కాదు. ఇప్పుడు ఇన్సులిన్ పెద్ద ట్యాంకుల్లో బ్యాక్టీరియాతోనో, ఈస్ట్‌తోనో తయారవుతుంది. ఫ్యాక్టరీ నుంచి ఇంటి దాకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ప్రపంచంలో దాదాపు అంతా మూడే కంపెనీల చేతిలో ఉంది. కొత్త రకాలకి కొత్త పేటెంట్లు వచ్చాయి. మన దేశంలో నాయనమ్మ వాడే మామూలు రకానికి ప్రభుత్వం గరిష్ఠ ధర పెట్టింది, సీసా నూటయాభైకి అటూ ఇటూ. కానీ నెలకి రెండుంపావు సీసాలు, సిరంజిలు, స్ట్రిప్పులు, టౌన్‌కి బస్సు చార్జీలు కలిపితే పింఛనులో ఎంత మిగులుతుంది? ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే, కానీ మా వైపు ఒక నెల ఉంటే ఒక నెల ఉండదు. దేశంలో 10 కోట్ల మందికి షుగర్ అని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళలో ఇలా సగం సగం వేసుకునే నాయనమ్మలు ఎందరో.

లెక్క కాగితం మీద వేసి నాన్నకి చూపించాను. నెలకి ఒక్కటి చాలనే ఆయనా ఇన్నాళ్ళూ అనుకున్నారు. నాయనమ్మని ముందు డాక్టర్‌కి చూపించి, ఆయన చెప్పినట్టే మెల్లగా డోసు పెంచాం. ఇప్పుడు నెలకి మూడు సీసాలు తెస్తున్నాం.

మీ ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ మీద ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఆ చిన్న భాగహారం చేసి చూడండి. అడిగితే వాళ్ళు చెప్పరు. సీసా చెబుతుంది.