పుట్టను పరిశోధించిన వైద్యుడు - కోనిగ్ పండితుడు

గ్రంథాలయమునకు చెదను మించిన శత్రువు లేదు. ఒక్క వర్షకాలము ఏమరియున్నచో బీరువాలోని పుస్తకములు మట్టి పాలగును. అట్టి చెదపురుగు జీవితమును మన దక్షిణదేశమున శ్రద్ధతో పరిశీలించి లోకమునకు తెలిపిన తొలి శాస్త్రజ్ఞులలో నొకని చరిత్రమును ఈ రజతోత్సవ సంచికలో స్మరించుట యుచితము.

యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ 1728 లో బాల్టిక్ సముద్రతీరపు లివోనియా దేశమున జన్మించెను. చెట్టుచేమలకు, జంతుజాలమునకు శాస్త్రీయముగా పేర్లు పెట్టు పద్ధతి నేర్పరచిన స్వీడను దేశపు లిన్నేయస్ పండితునికి శిష్యుడయ్యెను. 1768 లో, డేనులు పాలించుచుండిన తరంగంబాడికి, అచటి క్రైస్తవ మిషను వైద్యుడుగా వచ్చెను. రోగులకు మందులిచ్చుచు, తీరిక వేళలందు మొక్కలను, పురుగులను సేకరించుచుండెను. ఆ జీతము పరిశోధనలకు చాలకుండుటచే 1774 లో ఆర్కాటు నవాబు మహమ్మదాలీ కొలువున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా చేరెను. నాడు మన నెల్లూరుసీమయు ఆ నవాబు ఏలుబడిలోనిదే. 1778 లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసున అతనికి అట్టి యుద్యోగమునే యిచ్చిరి.

1779 లో బెర్లిను నగరమందలి ప్రకృతిశాస్త్ర సంఘమువారు అతడు చెదలనుగూర్చి వ్రాసిన వ్యాసమును ప్రకటించిరి. పుట్టలను పరిశీలించుటతో తృప్తినొందక, చుట్టుపట్ల జనులకు తెలిసిన సంగతులను సైతము అతడు వ్రాసికొనెను. గాలి వచ్చువైపున నొక కన్నము, దాని కెదురుగా మరియొక కన్నము చేసి, మొదటిచోట పొగబెట్టి, రెండవచోట వాసనగల ఆకులు రాచిన కుండనుంచి, ఉసిళ్లను పట్టి, పిండితో కలిపి వండుకొను విధానమును వర్ణించెను. పల్లెజనుల యెరుకకు విలువనిచ్చిన పండితుడతడు.

ఆ మార్గమున సాగిన పరిశోధనలవలన నేడు మనకు తెలిసినదేమి? పుట్టలు పెట్టు చెదలు ఎండుటాకులను, పుల్లలను నమలి, వానిపై నొకవిధమగు బూజును పంటవలె పెంచుకొనును. వానలు పడినపిమ్మట పుట్టలపై లేచు తెల్లని గొడుగులు ఆ పంటనుండి వెలువడినవే. మన పూర్వులు పుట్టగొడుగు అను పేరు ఊరక పెట్టలేదు. చెదలు త్రవ్వు సొరంగములగుండా వాననీరు నేలలోనికింకును, చెత్త యెరువగును. వింజమూరు, ఉదయగిరి ప్రాంతపు మెట్టచేలకు ఇంతకన్న కావలసినదేమి? చెదజాతులలో ఇండ్లకును పైరులకును కీడు చేయునవి కొలదియే.

కోనిగ్ తన తుదిప్రయాణమున రక్తగ్రహణి సోకి, సామర్లకోటయందుండిన రాక్సుబర్గు వైద్యుడు చికిత్స చేసినను కోలుకొనక, 1785 జూను 26 న కాకినాడ జగన్నాథపురమున కన్నుమూసెను. తన వ్రాతలను లండనులోని జోసెఫ్ బ్యాంక్సుకు అప్పగించెను. అతడు పంపిన కీటకములను ఫాబ్రిషియస్ పండితుడు వర్ణించెను. పత్తిచేలలో కాయలపై గుంపులుగా చేరు ఎర్రపురుగునకును, మన వంటింటి కరివేపాకునకును గల శాస్త్రీయనామములలో నేటికిని కోనిగ్ పేరు నిలిచియున్నది.

సోదరులారా! బీరువాలను గోడకు దూరముగా నుంచుడు. పుస్తకములను నెలనెలా దులిపి చూడుడు. అది మన విధి. కాని చేనిగట్టున నున్న పుట్టలో విషము పోయుటకు ముందు, అది మన నేలకు చేయు మేలును ఒక్కమారు తలచుకొనుడు. తెలిసికొనిన పిమ్మటనే తీర్పు చెప్పవలెనని కోనిగ్ జీవితము మనకు బోధించుచున్నది.