శ్రామిక కవి మఖ్దూం

సికింద్రాబాదు నుండి మన్మాడుకు సాగే రైలుమార్గం మీద కామారెడ్డి ఉన్నది. దానికి పడమరగా ఎల్లారెడ్డి. ఈ ప్రాంతపు పల్లెలలో ఎందరో స్త్రీలు చేట ఒడిలో పెట్టుకొని, తునికాకు కత్తిరించి, పొగాకు పొడి నింపి, దారం చుట్టి బీడీలు చేస్తారు. వెయ్యి బీడీల లెక్కన కూలి. నాసిరకమని కార్ఖానావారు తీసివేసిన వాటికి కూలి దక్కదు. ఇల్లు తమదే, దీపం తమదే, వెన్నునొప్పీ తమదే. ఇంటిలో కూర్చొని పనిచేసే ఇటువంటి స్త్రీని కూడ కార్మికురాలిగా గుర్తించిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం 1966లో గాని రాలేదు. అంతకు రెండు దశాబ్దాల ముందే హైదరాబాదు సంస్థానంలో కార్మికుల స్థితిగతులను బహిరంగ చర్చకు తెచ్చినవారిలో అగ్రగణ్యులు మఖ్దూం మొహియుద్దీన్.

మఖ్దూం 1908 ఫిబ్రవరి 4న నాటి మెదక్ జిల్లా ఆందోలులో జన్మించారు. పసితనంలోనే తండ్రిని కోల్పోయి పినతండ్రి సంరక్షణలో పెరిగారు. రష్యా దేశపు విప్లవాన్ని గురించి తొలిసారి విన్నది ఆయన నోటనే. చదువుకై హైదరాబాదు చేరిన మఖ్దూం ట్యూషన్లు చెప్పి, బొమ్మలు అమ్మి పొట్ట పోసుకొన్నారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. పూర్తిచేసి సిటీ కళాశాలలో అధ్యాపకులయ్యారు. ఆకలి ఎరిగినవానికి నెలజీతపు విలువ తెలియనిది కాదు. అయినను కొద్ది సంవత్సరాలకే ఆ ఉద్యోగాన్ని వదలి కార్మికవాడల బాట పట్టారు.

అవి రెండవ ప్రపంచయుద్ధపు రోజులు. ధరలు పెరిగినంతగా కూలి పెరగలేదు. పొగాకు ధూళిలో, సిమెంటు దుమ్ములో పనిచేసేవారికి రోగమే మిగులు. పల్లెలో పస్తులుండేవానికి పని చూపడమే మహోపకారమని యజమానుల వాదం. బ్రతుకుతెరువు పేరిట బ్రతుకునే హరించరాదని కార్మికుల ప్రతివాదం. మఖ్దూం ఈ ప్రతివాదానికి గొంతునిచ్చారు. చార్మినార్ సిగరెట్ల కర్మాగారంలో, షాబాదు సిమెంటు కర్మాగారంలో, నిజాం రైల్వేలో పనిచేసేవారిని సంఘటితపరచారు. పనిగంటలు, సెలవులు, కూలి దయాధర్మాలు కావనీ, అడిగి తీసుకోవలసిన హక్కులనీ వారికి తెలియజెప్పారు. 1946లో ఏర్పడిన అఖిల హైదరాబాదు ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్‌కు ఆయనే అధ్యక్షులు.

ఆ సంవత్సరమే నిర్బంధం తీవ్రమై అజ్ఞాతవాసం తప్పలేదు. తెలంగాణ సాయుధపోరాట కాలమంతా అట్లే గడచింది. 1951లో అరెస్టయి, విడుదలైన పిదప 1952లో హుజూర్‌నగర్ నుండి శాసనసభకు ఎన్నికయ్యారు. తరువాత శాసనమండలిలో ప్రతిపక్ష నాయకులయ్యారు.

కార్మికనాయకునిగా ఆయనను స్మరించేవారు కవిని విస్మరించడం కద్దు. కాని ఉర్దూ గజల్ సుకుమారం ఎరిగినవారికి మఖ్దూం మొదట ప్రేమకవి. ఆయన గీతాలు హిందీ చలనచిత్రాలలోను వినిపించినవి. 1944లో వెలువడిన తొలి సంపుటి సుర్ఖ్ సవేరా, అనగా ఎర్రని ఉదయం. అందులో ప్రేయసీ ఉన్నది, శ్రమజీవీ ఉన్నాడు. ఒకరికొరకు మరొకరిని ఆయన దూరం చేసుకోలేదు.

1969 ఆగస్టు 25న ఢిల్లీలో మఖ్దూం కన్నుమూశారు. బిసాతె రక్స్ అనే కవితాసంపుటికి ఆ సంవత్సరపు సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది.