కొలతలో నిష్ఠ – యల్లాప్రగడ సుబ్బారావు

ప్రపంచ వైద్యశాస్త్రానికి తెలుగునేల అందించిన మహనీయులలో డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు అగ్రగణ్యులు. ఆయన పేరు వినగానే ఫోలిక్ ఆమ్లం, బోదకాలు మందు, క్యాన్సర్ చికిత్స మనకు స్ఫురిస్తాయి. అయితే శాస్త్రలోకంలో ఆయనకు తొలి గుర్తింపు తెచ్చినది ఔషధం కాదు, ఒక కొలత. రక్తంలోనూ కణజాలంలోనూ భాస్వరం ఎంత ఉన్నదో నిర్ధారించే పద్ధతి అది. తరువాతి ఆవిష్కరణలకు అదే పునాది కావడం వల్ల ఆయన జీవితాన్ని ఆ కొలత వైపు నుంచి చూడటం సముచితం.

సుబ్బారావు 1895 జనవరి 12వ తేదీన నేటి పశ్చిమ గోదావరి జిల్లా భీమవరంలో జన్మించారు. తల్లిదండ్రులు వెంకమ్మ, జగన్నాథం. ఆయన బాల్యం కష్టాలలో గడిచింది. పదమూడవ ఏట కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి ధనం గడించాలని ఇల్లు విడిచి బయలుదేరగా, పెద్దలు వెనుకకు తీసుకువచ్చారు. తండ్రి మరణానంతరం తల్లి తన నగలు అమ్మి కుమారుని చదివించింది. మెట్రిక్యులేషన్ మూడవ ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియట్ ముగించి వైద్య కళాశాలలో చేరారు. జాతీయోద్యమ ప్రభావంతో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురి కాగా, పూర్తి వైద్య పట్టానికి బదులు ఎల్.ఎం.ఎస్. యోగ్యతాపత్రం మాత్రమే లభించింది. కొంతకాలం మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు.

ఆ రోజులలోనే ఆ కుటుంబంపై పిడుగు పడింది. ఆహారం వంటబట్టకుండా రోగిని క్షీణింపజేసే స్ప్రూ వ్యాధితో సుబ్బారావు సోదరులు ఇద్దరు కొద్దిరోజుల తేడాలో కన్నుమూశారు. వైద్యం చదివిన తమ్ముడు ఉండి కూడా అన్నను కాపాడలేకపోయాడంటే లోపం అతనిది కాదు. ఆనాటికి ఆ వ్యాధికి మందే లేదు. ఆ వేదనతోనే, మామగారి తోడ్పాటుతోను, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సహాయంతోను ఆయన సముద్రం దాటి, 1923 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ నగరం చేరారు.

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణమండల వ్యాధుల అధ్యయనానికి చేరిన ఆయన పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు శుభ్రం చేసే పనికి కూడా వెనుదీయలేదు. తరువాత ఆటో ఫోలిన్ అధ్యక్షతలోని జీవరసాయన శాఖలో సైరస్ ఫిస్కేతో కలిసి పరిశోధన ఆరంభించారు.

వారి ముందున్న సమస్య చూడటానికి చిన్నది. ఆరోగ్యవంతుడైన పెద్దవాని రక్తపు సీరం 100 మిల్లీలీటర్లలో ఉండే అకర్బన భాస్వరం సుమారు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు మాత్రమే. దానిని అవక్షేపంగా వేరుచేసి తూచాలంటే రోగి నుంచి ఎంతో రక్తం తీయవలసి వస్తుంది. అందుచేత తూకానికి బదులు రంగును ఆశ్రయించారు. భాస్వరం ఆమ్ల సమక్షంలో అమోనియం మాలిబ్డేట్‌తో కలిసి ఏర్పరచే సంయోగ పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలివర్ణం వస్తుంది. భాస్వరం ఎంత ఎక్కువైతే నీలం అంత చిక్కన. ఈ సూత్రాన్ని 1920లో బెల్, డాయిజీ అనే శాస్త్రజ్ఞులు, 1922లో బ్రిగ్స్ ఉపయోగించారు. కాని వారు వాడిన హైడ్రోక్వినోన్‌తో రంగు మందకొడిగా వచ్చేది. ఫిస్కే, సుబ్బారావులు దానికి బదులు అమైనోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లాన్ని ప్రవేశపెట్టడంతో కొద్ది నిమిషాలలోనే రంగు ఏర్పడింది. 1925లో ప్రకటితమైన ఈ విధానం వారిద్దరి పేర్లతో ఫిస్కే–సుబ్బారావు పద్ధతిగా ప్రసిద్ధి పొందింది.

రంగు చూసి పరిమాణం చెప్పాలంటే పక్కన సరిపోల్చడానికి మరొక రంగు కావాలి. ఆ రెండవ రంగును ఇచ్చేది ప్రమాణ ద్రావణం. శుద్ధమైన, పొడి పొటాషియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 0.3509 గ్రాములు తూచి, ఒక లీటరు ద్రావణంగా చేస్తే దానిలోని 5 మిల్లీలీటర్లలో 0.4 మిల్లీగ్రాముల భాస్వరం ఉంటుంది. తూకంలో పొరపాటు జరిగితే, లీటరు గీత దాటి నీరు పోస్తే, ఆపై పరీక్షించే ప్రతి రోగి రక్తానికీ తప్పు లెక్కే వస్తుంది. ఆ తప్పు ఎవరికీ కనిపించదు కూడా. ప్రయోగశాలలో భయపడవలసినది ఇటువంటి తప్పులకే.

ఆమ్లం విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. రక్త పరీక్షకు కావలసిన మాలిబ్డేట్‌ను ఆ పద్ధతిలో నియమిత నార్మాలిటీ గల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. ఆమ్లం బలహీనమైతే భాస్వరం లేకున్నా మాలిబ్డేట్ తనంతట తానే నీలమవుతుంది. బలం మించితే రావలసిన రంగు రాదు. కనుక ఆమ్లపు బలాన్ని అంశమాపనం ద్వారా నిర్ణయించుకోవాలి. ఇంటర్మీడియట్ విద్యార్థి ప్రయోగశాలలో చేసేది కూడా ఈ పనే. అనార్ద్ర సోడియం కార్బొనేట్‌ను వేడిచేసి, చల్లార్చి, 5.3 గ్రాములు లీటరు ద్రావణంగా చేస్తే 0.1 నార్మల్ ప్రమాణ ద్రావణం సిద్ధమవుతుంది. కాస్టిక్ సోడా ఇందుకు పనికిరాదు. అది తూచుతుండగానే గాలిలోని తేమను, బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. పిపెట్‌ను కార్బొనేట్ ద్రావణంతోను, బ్యూరెట్‌ను ఆమ్లంతోను తొలచాలి గాని శంకాకార కుప్పెను మాత్రం కేవలం స్వేదన జలంతో కడగాలి. మామూలు నీరు ఎందుకు పనికిరాదో నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల విద్యార్థులకు విడమరచి చెప్పనక్కరలేదు. బోరు నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు వారెరిగినదే. ఆ పెచ్చుకు మూలమైన బైకార్బొనేట్లు కుప్పెలో ఉంటే బ్యూరెట్‌లోని ఆమ్లాన్ని అవీ కొంత హరిస్తాయి. మిథైల్ ఆరెంజ్ పసుపు వర్ణం నారింజకు మారే క్షణంలో పడే ఒక్క చుక్క సుమారు 0.05 మిల్లీలీటరు. 20 మిల్లీలీటర్ల కొలతలో అది నాలుగు వందల వంతులలో ఒక వంతు. వరుసగా రెండు కొలతలు ఏకీభవించేదాకా అంశమాపనం తిరిగి చేయమనడం అందుకే.

ఇంత పట్టుదల ఎందుకని సందేహించేవారికి తరువాత జరిగినదే సమాధానం. రక్తంలో చక్కగా పనిచేసిన ఈ పద్ధతి కండర రసంలో మొరాయించింది. ప్రమాణ ద్రావణంలో నీలం వెంటనే ఏర్పడుతుండగా, కండర రసంలో రంగు ఆలస్యంగా, క్రమక్రమంగా చిక్కబడసాగింది. ద్రావణాలపై నమ్మకం లేని పరిశోధకుడైతే ఏదో చెడిపోయిందని పారబోసి ఉండేవాడు. తమ కొలత తప్పు కాదని ఎరిగిన ఫిస్కే, సుబ్బారావులు తేడా కండరంలోనే ఉన్నదని గ్రహించారు. అక్కడ భాస్వరం మరొక పదార్థంతో కూడి ఉండి, ఆమ్లంలో మెల్లమెల్లగా విడివడుతున్నది. ఆ సంయోగ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసినప్పుడు అది తరుగుతుందని, విశ్రాంతిలో తిరిగి ఏర్పడుతుందని వారు 1927లో ప్రకటించారు. 1929లో జీవకణాల శక్తికి ఆధారమైన ఏ.టి.పి.ని కూడా వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా దానిని కనుగొన్నారు. కండరాల శక్తికి లాక్టిక్ ఆమ్లమే మూలమనే అంతకుముందరి సిద్ధాంతం వీటితో కదిలిపోయింది.

1930లో సుబ్బారావుకు పిహెచ్.డి. పట్టం లభించింది. కాని ఇంతటి కృషి తరువాత కూడా హార్వర్డ్ ఆయనకు శాశ్వత పదవి ఇవ్వలేదు. పరిశోధన పత్రాలలో మొదటి పేరు ఫిస్కేది. తన వాటాను గూర్చి చాటుకునే స్వభావం సుబ్బారావుది కాదు. వినయం గొప్ప గుణమే గాని, ఆయనకు దక్కవలసిన కీర్తి దూరం కావడానికి అదీ ఒక కారణమని అనిపించక మానదు.

1940లో ఆయన పెర్ల్ రివర్‌లోని లెడర్లీ ప్రయోగశాలకు వెళ్ళి, త్వరలోనే పరిశోధన విభాగానికి సంచాలకులయ్యారు. బోదకాలుకు వాడే డైఇథైల్ కార్బమజైన్, బాల్యంలో వచ్చే రక్త క్యాన్సర్‌పై తొలిసారి పనిచేసిన అమైనోప్టెరిన్, బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ ఆయన నేతృత్వంలో వెలువడినవే. వాటికి ముందే, 1945లో, ఆ ప్రయోగశాల ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు ఆ ఏడాదే దానిని ఇచ్చి చూడగా వారు కోలుకున్నారు. భీమవరం సోదరులను బలిగొన్న వ్యాధికి మందు దొరికేసరికి వారు పోయి పాతికేళ్ళు కావస్తున్నది.

సుబ్బారావు మరల స్వదేశానికి రాలేదు. ఆయన భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది. 1948 ఆగస్టు 8వ తేదీ రాత్రి నిద్రలోనే గుండె ఆగి, ఏబది మూడేళ్ళ వయసులో ఆయన పరమపదించారు. శతజయంతి సంవత్సరమైన 1995లో భారత ప్రభుత్వం ఆయన స్మృత్యర్థం తపాలా బిళ్ళ విడుదల చేసింది.