ఘోషా స్త్రీలకూ ఫొటో భాగ్యం కలిగించిన దీనదయాళ్

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో నేడు ఫొటో లేని పెళ్లి లేదు. ఒకప్పుడది కలవారికే దక్కేది. ఆ కాలపు ప్రముఖ ఫొటోగ్రాఫర్ రాజా దీనదయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోర్‌లో ఉద్యోగం చేస్తూ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యారు. తలపాగాలు, షేర్వాణీలు, నగలతో ప్రభువులు ఆయన కెమెరా ముందు కూర్చున్నారు.

ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ఎదుటికి రారు. అందుకని 1892లో వారికోసం హైదరాబాదులో వేరే స్టూడియో తెరచి, ఆ బాధ్యత ఒక ఆంగ్ల వనితకు అప్పగించారు.

దీనదయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన గాజు నెగటివ్‌లు రెండు వేలకు పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా ఉన్నాయి. మన ఇళ్లలోని తాతముత్తాతల ఫొటోల వెనుక పేరు, ఊరు రాసిపెట్టుకుంటే, వారి కట్టూబొట్టూ మనుమలకూ తెలుస్తుంది.