ఆలెన్ జెర్బో

ఆలెన్ జెర్బో (నవంబరు 17, 1893 - డిసెంబరు 16, 1941) ఫ్రాన్సు దేశానికి చెందిన నావికుడు, విమాన చోదకుడు, టెన్నిస్ క్రీడాకారుడు, రచయిత. అప్పటికే దాదాపు ముప్పై ఏళ్ళు వాడబడిన ఒక తెరచాప పడవను కొని, దానిలో ఒంటరిగా మొదట అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటి, ఆ తరువాత భూప్రదక్షిణ చేశాడు. జోషువా స్లోకమ్ (1898), హ్యారీ పిడ్జన్ (1925) తరువాత ఒంటరిగా తెరచాప పడవలో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన మూడవ వ్యక్తిగా ఈయనను పేర్కొంటారు.

బాల్యం, యుద్ధకాలం

జెర్బో పశ్చిమ ఫ్రాన్సులోని లావాల్ పట్టణంలో సంపన్న కుటుంబంలో జన్మించాడు. బాల్యంలో కొంతకాలం సముద్రతీరాన దినార్ పట్టణంలో గడిపాడు. సమీపంలోని సెయింట్ మాలో రేవు నుండి చేపల వేటకు బయలుదేరే పడవలను చూస్తూ పెరిగాడు. పారిస్‌లో సివిల్ ఇంజనీరింగ్ చదివాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక విమాన చోదకుడిగా పనిచేశాడు. ఆ రోజులలోనే జాక్ లండన్ రచించిన సముద్రయాత్రా గ్రంథం ఒకటి ఆయన చేతికి వచ్చింది. యుద్ధం ముగిశాక ఒక పడవను సంపాదించి ప్రపంచాన్ని చుట్టిరావాలని ఇద్దరు సహచరులతో కలిసి తలపోశాడు. ఆ ఇద్దరూ యుద్ధంలో మరణించారు. జెర్బో ఒక్కడే ఆ సంకల్పాన్ని నెరవేర్చడానికి పూనుకున్నాడు.

ఫైర్‌క్రెస్ట్ కొనుగోలు

1921లో ఇంగ్లాండులోని సౌతాంప్టన్ రేవులో జెర్బో తనకు నచ్చిన పడవను చూశాడు. దాని పేరు ఫైర్‌క్రెస్ట్. ఇది ఐరోపాలో కనిపించే ఒక చిన్న పిట్ట పేరు. ఆ కాలంలో ప్రసిద్ధుడైన పడవల రూపకర్త డిక్సన్ కెంప్ గీసిన నమూనా ప్రకారం ఎసెక్స్ ప్రాంతంలోని రోహెడ్జ్‌లో 1892లో దీనిని నిర్మించారు. పొడవు 39 అడుగులు, వెడల్పు ఎనిమిదిన్నర అడుగులు మాత్రమే. పందాలలో పాల్గొనడానికీ, దూరప్రయాణాలకూ పనికివచ్చేటట్లు కట్టిన పడవ ఇది.

ఇటువంటి పడవకు కొన్ని గుణాలు, కొన్ని ఇబ్బందులు ఉంటాయి. సన్నగా, లోతుగా ఉండడం వలన అది గాలికి ఎదురుగా కూడా చురుకుగా సాగుతుంది. అడుగున బోల్టులతో బిగించిన బరువైన సీసపు దిమ్మ ఉన్నందున ఎంత ఒరిగినా తిరిగి నిలబడుతుంది. అయితే వెడల్పు తక్కువ కాబట్టి త్వరగా ఒరుగుతుంది. అలలు సులభంగా పైకి వస్తాయి. పెద్ద తెరచాపను, దాని బరువైన దూలాన్ని ఒక్క మనిషి సంబాళించడం కష్టం. టేకు, ఓకు కలపతో కట్టిన ఫైర్‌క్రెస్ట్ పడవ దేహం దృఢంగానే ఉంది. తెరచాపలు, తాళ్ళు మాత్రం ఎంత పాతబడ్డాయో నడిసముద్రంలో గాని తెలిసిరాలేదు.

పడవను కొన్న తరువాత జెర్బో దానిని దక్షిణ ఫ్రాన్సుకు తీసుకువెళ్ళి, మధ్యధరా సముద్రంలో ఏడాదికి పైగా ఒంటరిగా నడపడం అలవాటు చేసుకున్నాడు.

అట్లాంటిక్ యాత్ర

1923 జూన్ 6న జిబ్రాల్టర్ నుండి బయలుదేరాడు. కొద్దిరోజులకే తెరచాపలు చిరగసాగాయి. పగలు సూదీ దారమూ పట్టుకొని కుట్టినవి రాత్రికి మళ్ళీ చిరిగేవి. తాళ్ళు తెగిపోయేవి. మంచినీటి పీపాలలో కొన్ని కొత్త ఓకు చెక్కతో చేసినవి కావడంతో వాటిలోని నీరు తాగడానికి పనికిరాకుండా పోయింది. చాలారోజులు అతి తక్కువ నీటితో గడిపాడు. గొంతువాపు, జ్వరం బాధించాయి.

ఆగస్టు నెలలో తుఫాను చెలరేగింది. 20వ తేదీన ఒక పెద్ద అల పడవను పూర్తిగా ముంచెత్తింది. అది దగ్గరపడుతుండగా జెర్బో తెరచాప కొయ్యకు కట్టిన తాళ్ళను పట్టుకొని పైకి ఎక్కి ప్రాణం దక్కించుకున్నాడు. పడవ ముందుభాగాన చొచ్చుకొని ఉండే దూలం విరిగింది. కొయ్యకు ఆధారం సడలింది. బెర్ముడాకు మళ్ళాలని తలచి, మరమ్మతు చేయగలిగిన పిమ్మట న్యూయార్క్ వైపే సాగాడు. సెప్టెంబరు 15న, 101 రోజుల తరువాత, అక్కడికి చేరాడు. అమెరికా క్రూజింగ్ క్లబ్ నెలకొల్పిన బ్లూ వాటర్ పతకాన్ని మొట్టమొదట 1923 సంవత్సరానికి ఈయనే అందుకున్నాడు. ఫ్రాన్సు ప్రభుత్వం లీజియన్ ఆఫ్ ఆనర్ పురస్కారంతో గౌరవించింది. అంత పాత సామగ్రితో బయలుదేరడం అజాగ్రత్త అని విమర్శించిన నావికులూ ఉన్నారు.

భూప్రదక్షిణ

రెండవ యాత్రకు ముందు జెర్బో పడవలో మార్పులు చేయించాడు. ముందుభాగపు దూలాన్ని, తెరచాపలను మార్చాడు. నాలుగు మూలల పెద్ద తెరచాపకు బదులు ఒక్కడే సులభంగా దించగల మూడు మూలల తెరచాపను అమర్చాడు. 1924 నవంబరులో న్యూయార్క్ నుండి బయలుదేరి, బెర్ముడాలో మళ్ళీ మరమ్మతులు చేయించి, పనామా కాలువ గుండా పసిఫిక్ మహాసముద్రంలో ప్రవేశించాడు. గాలాపాగోస్, మార్కెసాస్, తహితి, బోరాబోరా, సమోవా దీవులను దర్శించాడు.

1926లో వాలిస్ దీవి వద్ద యాత్ర దాదాపు ముగిసిపోయే ప్రమాదం ఏర్పడింది. గాలివానలో లంగరు గొలుసు తెగి పడవ పగడపు దిబ్బకు కొట్టుకుంది. అడుగునున్న సీసపు దిమ్మను పట్టి ఉంచిన బోల్టులు విరిగి, దిమ్మ ఊడిపోయింది. జెర్బో ఈదుకుంటూ ఒడ్డు చేరాడు. బరువు తగ్గి తేలికైన పడవ కూడా దిబ్బను దాటి ఆయన వెనుకనే ఒడ్డుకు కొట్టుకువచ్చింది. పడవ దేహం పాడుకాలేదు. ఫ్రెంచి యుద్ధనౌక కాసియోపీ సిబ్బంది సహాయంతో దిమ్మను తిరిగి బిగించారు.

అక్కడినుండి ఫిజీ, టోరెస్ జలసంధి, హిందూ మహాసముద్రంలోని కోకోస్, రోడ్రిగ్స్, రీయూనియన్ దీవులు, డర్బన్, కేప్‌టౌన్, సెయింట్ హెలీనా, కేప్ వెర్డే దీవుల మీదుగా 1929 జులై 26న ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవు చేరాడు. అప్పటికి ఫైర్‌క్రెస్ట్ వయసు 37 సంవత్సరాలు. కొనుగోలు నాటి తెరచాపలు, తాళ్ళు, దూలాలు, బోల్టులు ఒక్కొక్కటిగా మారిపోగా, టేకు, ఓకు పడవ దేహం మాత్రం చివరివరకు నిలిచింది.

చివరి దశ

జెర్బో తన అనుభవాల ఆధారంగా మరో పడవను ప్రత్యేకంగా కట్టించి, తన పేరే పెట్టుకొని, 1932లో పసిఫిక్ దీవులకు తిరిగి వెళ్ళాడు. పాలినేషియా ప్రజల భాషలను, ఆటలను, ఆచారాలను అధ్యయనం చేశాడు. ఐరోపావారి పాలన వలన ఆ జీవన విధానం నశిస్తున్నదని వ్రాశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో పెటాన్ ప్రభుత్వాన్ని సమర్థించిన ఈయన, 1940లో తహితి స్వేచ్ఛా ఫ్రాన్సు పక్షాన చేరడంతో ఆ ప్రాంతాన్ని వదలివెళ్ళాడు. పోర్చుగీసు పాలనలోని తైమూరు దీవిలో దిలీ పట్టణంలో మలేరియాతో మరణించాడు. 1947లో ఆయన అస్థికలను బోరాబోరా దీవికి తరలించి అక్కడ సమాధి నిర్మించారు.

రచనలు

జెర్బో రచనలలో అట్లాంటిక్ ఒంటరి యాత్రను వివరించే గ్రంథం (1924), భూప్రదక్షిణ గురించి 1929లో వెలువడిన రెండు గ్రంథాలు ముఖ్యమైనవి. పాలినేషియా జీవితం గురించి వ్రాసిన పుస్తకాలలో కొన్ని ఆయన మరణానంతరం వెలువడ్డాయి.