జిమ్ కార్బెట్ – తూటా బాధ్యత

పులివేట ప్రస్తావన రాగానే మన దేశంలో మొదట గుర్తుకు వచ్చే పేరు జిమ్ కార్బెట్. ఆయన సాహసాలను గురించి చదివినవారు అనేకులు. కాని ఆయన జీవితం పొడుగునా వెంట నడిచిన ఒక ప్రశ్నను గమనించినవారు తక్కువ. గురి సరిగా ఉంటే చాలునా, లేక జంతువు దేహంలోకి వెళ్లిన తూటా అక్కడ ఏమి చేస్తుందో కూడా వేటగాడు ఎరిగి ఉండాలా?

వేటకు అనుమతి ఉన్న దేశాల్లో ఈ వాదం నేటికీ ముగియలేదు. గురిపోటీల కోసం తయారైన తూటాలతో జింకలను కొట్టవచ్చునా అన్నది అక్కడి తగాదా. పోటీ తూటా పని కాగితం మీది చుక్కను తాకడం. దాని రాగి తొడుగు పలుచన, బరువు సమతూకం. మొనలో కనిపించే సన్నని రంధ్రం తయారీ విధానం వల్ల ఏర్పడినదే గాని, దేహంలో విచ్చుకోవడానికి పెట్టినది కాదు. అందువల్ల అది ఒకసారి ఎముకకు తగిలి పైపైనే చిట్లిపోతుంది, మరొకసారి సూదిలాగా దూసుకుపోతుంది. వేట తూటా అట్లా కాదు. దాని మొనలో మెత్తని సీసం బయటికి ఉండి, తగిలిన వెంటనే పుట్టగొడుగువలె విచ్చుకుని లోపలి అవయవాలను ఛేదిస్తుంది. ఈ భేదం తెలియని గురికాడు జంతువును చంపడు, గాయపరచి వదిలిపెడతాడు. ఆ పాపం ఎవరి నెత్తిన పడుతుందో కార్బెట్ చూచినంత దగ్గరగా చూచినవారు లేరు.

ఎడ్వర్డ్ జేమ్స్ కార్బెట్ 1875 జూలై 25న నైనీతాల్‌లో జన్మించారు. తండ్రి ఆ ఊరి పోస్టుమాస్టరు. కుమారునికి ఆరేళ్లు నిండేనాటికే ఆయన మరణించారు. పెద్ద కుటుంబం, చాలీచాలని రాబడి. చలికాలంలో కాలాధూంగీలోని ఇంటికి దిగి వచ్చేవారు. ఆ ఇంటి చుట్టూ ఉన్న అడవే ఆయనకు బడి. (పిల్లలకు పాఠాలు చెప్పుకునే నాబోటి వారికి కొంచెం అసూయ కలిగించే బడి అది.) బాలుని తొలి తుపాకి మందు కూరి పేల్చే జంటగొట్టాల పాత తుపాకి. అందులో ఒక గొట్టం చీలిపోయింది, కొయ్యకు ఇత్తడి తీగ చుట్టి ఉండేది. ఒక్కొక్క గుండూ లెక్కపెట్టుకుని వాడవలసిన దరిద్రం ఆయనకు పొదుపు నేర్పింది.

పదేళ్ల వయస్సులో ఆయన గురిని చూచి మెచ్చినవారిలో, అనంతరకాలంలో ఫీల్డ్‌మార్షల్ అయిన రాబర్ట్స్ ఒకరు. ఆ మెప్పు ఫలితంగా .450 మార్టినీ సైనిక రైఫిల్‌ను బాలునికి ఎరువిచ్చారు. కొంతకాలానికే దానితో ఆయన తన మొదటి చిరుతను కొట్టారు. కాగితపు గురి నుంచి అడవికి ఆయన నడక అట్లా మొదలైంది. ఇందులో ఒక విశేషం ఉంది. ఆ కాలపు మార్టినీ గుండు తొడుగు లేని మెత్తని సీసం, బరువు సుమారు 31 గ్రాములు. గురిమైదానంలో పేల్చినా అడవిలో పేల్చినా అదే గుండు. పొగలేని మందు వచ్చి తూటా వేగం పెరిగిన తరువాతనే సీసానికి గట్టి తొడుగు అవసరమైంది. అప్పుడు దారులు చీలాయి: యుద్ధానికి పూర్తి తొడుగు, వేటకు మెత్తని మొన, కాలక్రమాన పోటీలకు మరొకటి.

చదువు ముగిసీ ముగియకముందే కార్బెట్ రైల్వే కొలువులో చేరారు. గంగ ఒడ్డున మొకామా ఘాట్‌లో సరుకు మార్పిడి కాంట్రాక్టు చేస్తూ ఇరవై ఏళ్లకు పైగా గడిపారు.

1907లో చంపావత్ ఆడపులి ఆయనను లోకానికి తెలియజేసింది. నేపాల్‌లో 200 మందిని, కుమావూన్‌లో 236 మందిని పొట్టన పెట్టుకున్న పులి అది. 298 మంది గ్రామస్థులు కొండ మీద నుంచి అదిలించగా పులి లోయలోకి దిగింది. కార్బెట్ వెంట తెచ్చుకున్నవి మూడే తూటాలు. మూడూ అయిపోయాయి, పులి ఇంకా ప్రాణంతోనే ఉంది. ఆయన తహసీల్దారు దగ్గరకు పరుగెత్తి ఆయన చేతిలోని తుపాకి తీసుకున్నారు. దాని గొట్టానికీ మూతకూ నడుమ సందు కనిపించేంతటి శిథిలమైన తుపాకి! తెరిచిన నోటికి గురిపెడితే గుండు ముందు పాదానికి తగిలింది. పాత గాయాలతో అప్పటికే కొన ఊపిరిలో ఉన్న పులి ఆ మాత్రం దెబ్బకే ముందుకు ఒరిగింది. అంతటి గురికాడు ఆనాడు గట్టెక్కింది తన ముందటి తూటాల బలం వల్లనే గాని చివరి గురి వల్ల కాదు.

పులి నోరు తెరిచి చూడగా కుడివైపు పై కోర సగానికి, కింది కోర ఎముక దాకా విరిగి ఉన్నాయి. ఎవరో ఎప్పుడో కాల్చిన దెబ్బ అది. కోరలు పోయిన పులి తన సహజమైన ఆహారాన్ని పట్టలేక మనుషుల మీద పడింది. కాల్చినవాడు ఎవరో ఎవరికీ తెలియదు. ఆ రోజు పులి తప్పించుకుపోయిందని నిట్టూర్చి ఇంటికి వెళ్లి ఉంటాడు. 436 ప్రాణాల లెక్కలో అతని పేరు లేదు.

ఈ విజయానికి గుర్తుగా సంయుక్త రాష్ట్రాల లెఫ్టినెంట్ గవర్నరు సర్ జాన్ హ్యూయెట్ బహూకరించినదే .275 రిగ్బీ రైఫిల్. 7 మిల్లీమీటర్ల సన్నని గొట్టం, తేలికైన బరువు. పెద్ద పులులకు ఇది చాలదనేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. కార్బెట్ దానిని నమ్మారు, కాని గుడ్డిగా నమ్మలేదు. భారీ జంటగొట్టాల రైఫిల్‌ను కూడా దగ్గర ఉంచుకునేవారు. 125 మందిని తిన్న రుద్రప్రయాగ చిరుతను 1926 మే 2 రాత్రి ఆయన కూల్చారు. ఆ చిరుత పాదానికి 1921లోనే ఒక సైనికాధికారి తూటా తగిలి ఉంది. మరి అయిదేళ్లు అది మనుషులను తింటూనే తిరిగింది.

ఆయన గురి కూడా ఎల్లప్పుడూ ఫలించలేదు. 1930లో పోవల్‌గఢ్ పులికి తూటా తలలోనే తగిలినా అది చావలేదు. నరమాంసం ఎరుగని పులి అది. అయినా గాయపడిన దానిని అడవిలో వదిలివేయరాదని వెంటపడి వెతికి ముగించారు. నా దృష్టిలో ఆయన పట్టిన నరభక్షకుల జాబితా కంటే ఈ వెతుకులాట పెద్దది. 1938లో ఆయన చంపిన చివరి నరభక్షకి, థాక్ ఆడపులి ఒంటి మీద కూడా మానని పాత తుపాకి గాయాలే కనిపించాయి.

క్రమంగా ఆయన రైఫిల్‌కు బదులు సినిమా కెమెరా పట్టారు. 1936లో హెయిలీ జాతీయవనం ఏర్పడటంలో ఆయన కృషి ఉంది. 1947లో అక్క మ్యాగీతో కెన్యాకు తరలిపోయి, 1955 ఏప్రిల్ 19న న్యేరీలో కన్నుమూశారు. 1957లో ఆ వనానికి ఆయన పేరు పెట్టారు. రిగ్బీ రైఫిల్ ఆయన పుస్తకాలు ప్రచురించిన ఆక్స్‌ఫర్డ్ సంస్థ చేతికి వెళ్లి, చాలా ఏళ్లకు దానిని తయారుచేసిన కంపెనీకే తిరిగి చేరింది.