సముద్రపు ఆకలిని చదివిన విదుషీమణి షీనా మార్షల్

సముద్ర సంపద అనగానే చేపలు, ముత్యాలు, పగడాలు మనసులో మెదలుతాయి. కాని ఆ జీవరాశికి ఆధారం ప్లవకాలు. ప్రవాహం ఎటు తీసుకుపోతే అటు సాగే ఈ చిన్న జీవులు ఏమి తింటాయి, ఎప్పుడు తింటాయి అన్న ప్రశ్నకు సమాధానం వెదకుతూ నాలుగు దశాబ్దాలకు పైగా శ్రమించిన శాస్త్రవేత్త షీనా మార్షల్.

ఆమె 1896లో స్కాట్లాండులోని రోత్సే పట్టణంలో ఒక వైద్యుని కుమార్తెగా జన్మించారు. తండ్రికి ప్రకృతి శాస్త్రంపై గల అభిమానం ఆమెకూ అబ్బింది. 1919లో గ్లాస్గో విశ్వవిద్యాలయ పట్టభద్రురాలై, 1922లో మిల్‌పోర్ట్ సముద్ర పరిశోధన కేంద్రంలో చేరారు. అక్కడ రసాయన శాస్త్రజ్ఞుడు ఆండ్రూ ఆర్ ఆమెకు సహ పరిశోధకులైనారు.

ఆమె ఎన్నుకున్న జీవి కలానస్. రొయ్యలకు దూరపు బంధువైన ఈ ప్రాణి బియ్యపు గింజకంటె చిన్నది. హెర్రింగ్ చేపలకు ముఖ్యాహారం. 1923లో ఏడాది పొడవునా సేకరించిన కలానస్‌ల జీర్ణనాళాలను సూక్ష్మదర్శిని క్రింద పరీక్షించి, అవి తిన్నదేమిటో నమోదు చేశారు. డయాటములనే ఏకకణ శైవలాలు వాటి ఆహారంలో ప్రధానమైనవి.

శీతాకాలంలో వెలుతురు చాలక డయాటములు పెరగవు. అప్పుడు కలానస్ లోతు నీటిలో, ఒంటిలో దాచుకున్న కొవ్వుతో కాలం గడుపుతుంది. వసంతంలో ఎండ హెచ్చగానే డయాటములు విరివిగా వృద్ధి చెందుతాయి. ఆహారం సమృద్ధిగా ఉంటే కలానస్ గుడ్లు అధికంగా పెడుతుందనీ, కొరవడితే గుడ్లు తగ్గుతాయనీ 1952లో ఆమె, ఆర్ ప్రయోగపూర్వకంగా వెల్లడించారు. సూర్యరశ్మికీ జాలరి వలకూ నడుమ ఈ చిన్న ప్రాణి ఆకలి ఒక వంతెన అని దీనివలన స్పష్టమైనది.

1928–29లో ఆస్ట్రేలియా పగడపు దిబ్బల పరిశోధక బృందంలో ఆమె పాల్గొన్నారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో జపాను నుండి అగర్ దిగుమతి నిలిచిపోగా, స్వదేశపు సముద్రపు నాచునుండి దానిని తయారుచేసే కృషిలో పాలుపంచుకున్నారు. అటుపిమ్మట రేడియోధార్మిక పదార్థాలు ఇమిడిన డయాటములను కలానస్‌కు ఆహారంగా ఇచ్చి, అది ఎంత తిన్నదీ, ఎంత జీర్ణించుకున్నదీ కొలిచారు.

1949లో ఎడింబరో రాయల్ సొసైటీ సభ్యత్వం పొందిన తొలి మహిళలలో ఆమె ఒకరు. 1962లో ఆర్ మరణించినా ఆమె కృషి ఆగలేదు. 1963లో లండన్ రాయల్ సొసైటీ ఆమెను సభ్యురాలిగా ఎన్నుకున్నది. 1964లో పదవీ విరమణ చేసిన తరువాత కూడ పరిశోధన కొనసాగించి, 1977లో కన్నుమూశారు.

సముద్రాలు వేడెక్కుతున్నందున నేడు ఉత్తర అట్లాంటిక్‌లో కలానస్ ఉత్తర దిశగా జరుగుతున్నది. ఈ మార్పు చేపలకేమి చేటు తెచ్చునో తెలుసుకోగోరేవారికి ఆమె కృషి పునాది. అల్పమని తోచినదానిని ఓర్పుతో పరిశీలించడమే విద్య అని ఆమె జీవితం మన బాలబాలికలకు బోధిస్తున్నది.